మామ చెప్పని తీర్పు

మా పాత కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పుట్టినరోజులకు, పెళ్ళి పత్రికలకు తప్ప అది మోగదు. పోయిన నెల ఒక పొద్దున ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతుంటే మోగింది. పీడీ సార్ తిరుత్తణిలో పోయారని ఎవరో తమిళంలో పెట్టారు. బస్సు ఊరు దాటేలోపు దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. గొప్ప గురువు అని ఒకడు రాశాడు. ఆ చిరునవ్వు మరిచిపోలేను అని ఇంకొకడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చిరునవ్వు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వితే పక్క వీధికి వినపడేలా నవ్వేవాడు, లేకపోతే ముఖం గంటు పెట్టుకుని ఉండేవాడు. ఆ నవ్వు కూడా మా చివరి ఏడాదిలో ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో ఆ గ్రూపులో అందరికీ తెలుసు. ఆ సంగతి మాత్రం ఒక్కడూ రాయలేదు.

కాలేజీలో ఆటలు నేర్పే మాస్టర్ని మా పక్క పీడీ సార్ అంటారు. మేము మాత్రం ఆయన్ని మామ అనేవాళ్ళం. దానికి కారణం చెంగల్రాయుడు. వాడిది అత్తిమంజేరిపేట, మామకు సొంత అక్క కొడుకు. తిరువళ్ళూరు కాలేజీలో వాడూ నేనూ ఒకే ఏడాది చేరాం. వాడు నోరారా మామా, మామా అని పిలుస్తుంటే పక్కన నిలబడి సార్ అనడానికి మాకు నోరు రాలేదు. మొదటి నెలలోనే జట్టంతా మేనల్లుళ్ళం అయిపోయాం. ఆయన వద్దనలేదు.

తాను మాత్రం ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఊరి పేరే మనిషి పేరు. నేను మణవాళనగరు. మా జట్టులో అందరికన్నా పొడుగువాడు కడంబత్తూరు. సొంత మేనల్లుడైనా సరే, కోర్టులో చెంగడు అత్తిమంజేరే. "ఈ గీత దాటి లోపలికొస్తే నాకు అక్కా లేదు, అల్లుడూ లేడు" అనేవాడు. ఇంటికెళ్ళాక చెంగడి కంచంలో రెండో ముక్క వేసేది కూడా ఆయనేనని వాడు మాకు చెప్పేవాడు.

మామకు ఏదీ ఒంటరిగా కంటికి ఆనేది కాదు. రెండు ఉండాలి, పక్కపక్కన పెట్టి తూచాలి. స్టేషన్ ఎదురుగా రెండు టీ కొట్లు ఉండేవి. "వాడి టీలో మొదటి గుక్క బాగుంటాది, వీడి టీలో చివరి గుక్క బాగుంటాది" అని ఏ పూట ఏది కావాలో చూసుకుని వెళ్ళేవాడు. ఒక పెళ్ళిలో ఇద్దరు నాదస్వరం వాళ్ళ ముందు కూర్చుని, ఎడమ పక్కాయనకు ఊపిరి ఎక్కువ, కుడి పక్కాయనకు ఓపిక ఎక్కువ అని తేల్చుకుని, పెళ్ళికూతురి ముఖమైనా చూడకుండా ఇంటికొచ్చేశాడట. ఆయన భార్య చెప్పింది. మామ భార్య కాబట్టి ఆమె మాకు అత్త.

అయితే ఆయన అసలు ప్రాణం షూటింగ్ గార్డులు. జట్టులో దూరం నుంచి బాలు వేసి పాయింట్లు తెచ్చేవాడిని షూటింగ్ గార్డు అంటారు. ఏ కాలేజీతో ఆట ఉన్నా, వాళ్ళ గార్డునీ మా గార్డునీ కాదు, వాళ్ళ గార్డునీ పోయిన వారం చూసిన ఇంకో కాలేజీ గార్డునీ పోల్చుకుంటూ కూర్చునేవాడు. ఎన్ని బాల్స్ పడ్డాయో ఆయనకు అక్కర్లేదు. "అది స్కోరు బోర్డు మీద ఏసుకుంటారు, నాకెందుకు?" అనేవాడు. ఆయన చూసేది కాళ్ళు. ఒకడు బాలు అందుకునే ముందే కాళ్ళు సర్దుకుంటాడు, ఇంకొకడు అందుకున్నాక సర్దుకుంటాడు. ఒకడు కుడి పక్కకు మాత్రమే వెళ్ళగలడు, ఇంకొకడు రెండు పక్కలా వెళ్తాడు కానీ వెళ్ళినాక ఏం చెయ్యాలో తెలియదు. వీటన్నిటికన్నా ముఖ్యం ఒకటుంది.

"తప్పిపోయినాక యాడ చూస్తాడో చూడండ్రా. రింగును చూస్తే పరవాలేదు, నేర్చుకుంటాడు. చేతిని చూసుకుంటే కొంచెం కష్టం. మనల్ని చూస్తే ఇంటికి పంపించేయండి."

ఆయన నోట్లో ఎప్పుడూ విజిల్ ఉండేది. ఊదడానికి కాదు, కొరకడానికి. పోల్చడం పూర్తయితే దాన్ని తీసి, చొక్కా అంచుకు తుడిచి, పై జేబులో వేసుకునేవాడు. విజిల్ జేబులోకి వెళ్ళిందంటే తీర్పు వస్తుందని మాకు తెలుసు. అందరం నోరు మూసుకునేవాళ్ళం. ఆ తర్వాత వచ్చిన మాటను ఆయన మార్చడం నేను ఎన్నడూ వినలేదు.

మా జట్టులో షూటింగ్ గార్డులం ఇద్దరం. చెంగడు, నేను. ఎప్పుడూ ఒకడు ఆడేవాడు, ఇంకొకడు బెంచీ మీద కూర్చునేవాడు. మూడేళ్ళు మమ్మల్ని మామ పక్కపక్కన పెట్టి చూస్తూనే ఉన్నాడు.

చెంగడి చెయ్యి చెయ్యి కాదు. మోచెయ్యి బాలు కిందికి వచ్చి ఆగేది, మణికట్టు ఒక్కసారి వంగేది, అంతే. బాలు వెళ్ళిపోయాక కూడా ఆ చేతిని పైనే వదిలేసేవాడు, తడి ఆరబెట్టుకుంటున్నట్టు. నా బాలు అలా కాదు. రింగు అంచుకు తగిలి, బోర్డుకు తగిలి, నానా తంటాలు పడి లోపలికి వెళ్ళేది. "నీ బాలు గోడ దూకే దొంగ మాదిరి తల వంచుకొని పోతాంది రా మణవాళనగరూ. దానికి కొంచెం ఆకాశం చూపించు" అనేవాడు మామ. నా ఎడమ చెయ్యి బలపడాలని అన్నం కూడా ఆ చేత్తోనే తినమన్నాడు. మా అమ్మ కంచం లాక్కుని, మీ మాస్టర్ని ఇంటికి రమ్మను, నేను మాట్లాడాలి అంది. ఆయన రాలేదు.

నా బలం కాళ్ళు. ఎదుటి గార్డును ఊపిరి తీసుకోనివ్వను, ఆట మొదట్లో ఎలా పరిగెత్తానో చివర్లో అలాగే పరిగెత్తుతాను. మామ మాటల్లో చెప్పాలంటే, "అత్తిమంజేరి చేతిలో బాలు ఉంటే ఆడతాడు. మణవాళనగరు చేతిలో బాలు లేకపోయినా ఆడతాడు." ఈ మాట దగ్గర విజిల్ జేబులోకి వెళ్తుందని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. వెళ్ళేది కాదు, మళ్ళీ నోట్లోకే వెళ్ళేది. మా ఇద్దరి విషయంలో మాత్రం ఆయన తీర్పు చెప్పలేదు.

చెంగడిలో మామ పట్టుకున్న లోపం ఒక్కటే. ఆటలో క్వార్టర్లని నాలుగు భాగాలు ఉంటాయి కదా, ఆ చివరి భాగంలో వాడు కనిపించేవాడు కాదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి నిలబడేవాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు అయ్యేవి. బాలు రింగుకు జానెడు ముందే పడిపోయేది. అది సోమరితనమని మామ అనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం. గారాబంగా పెరిగినవాడు, మేనమామ అండ ఉన్నవాడు, ఒళ్ళు వంచడు అనుకున్నాం.

ఒకరోజు ప్రాక్టీసు మధ్యలో వాడు వచ్చి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"మామా, గుండె దడదడ కొట్టుకుంటాండాది."

"కొట్టుకోనప్పుడు చెప్పు రా" అన్నాడు మామ.

కోర్టంతా నవ్వింది. మామ పక్క వీధికి వినపడేలా నవ్వాడు. చెంగడు కూడా నవ్వి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఏ గార్డు ఏ కాలి మీద ముందు బరువు వేస్తాడో బెంచీ మీద నుంచే చెప్పగల మనిషి, మూడేళ్ళు కళ్ళెదుట ఉన్న ఆ పెదవుల రంగు చూసి ఒక్క డాక్టర్ని కూడా అడగలేదు. దీనికి ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. నాకు ఉంది.

చివరి ఏడాది మా పక్కన ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళ జట్టుకు షూటింగ్ గార్డు కావాల్సి వచ్చింది. ఆట కోటాలో ఉద్యోగం, పర్మనెంటు. మీ కాలేజీ నుంచి ఒక్క పేరు చెప్పండని మామను అడిగారు. చెంగడి నాయన వాడి చిన్నప్పుడే పోయాడు, తల్లి చెరకు కొట్టడానికి కూలికి వెళ్ళేది. మా నాయన మణవాళనగర్లో ఆటో తోలేవాడు. ఇద్దరికీ కావలసిన ఉద్యోగమే. ఇక మామ తీర్పు చెప్పక తప్పదు.

ఆయన చెప్పకముందే ఊరు చెప్పేసింది. సొంత మేనల్లుడు ఉండగా ఇంకొకడి పేరు ఎందుకు చెబుతాడు, తన మనిషిని పెట్టుకుంటాడు అన్నారు. మా నాయన కూడా టీ కొట్టు దగ్గర గట్టిగానే అన్నాడు. అది మామ చెవిన పడింది.

మా పక్క ఒక వాదన తేలకపోతే తిరుత్తణి కొండకు తీసుకెళ్తారు. గట్టు తగాదా కానీ, అన్నదమ్ముల పంపకం కానీ, స్వామి ముందు ప్రమాణం చేస్తే దాని మీద మళ్ళీ ఎవరూ మాట్లాడరు. మామ మమ్మల్నీ అక్కడికే రమ్మన్నాడు. ఆయన ఇల్లు కూడా తిరుత్తణిలోనే. ఆదివారం పొద్దున్నే కొండ కింద బడి మైదానంలో, ఒకే రింగు ఉన్న కోర్టులో, బాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇద్దరూ మెట్లెక్కి, స్వామి గడప తాకి, దిగి రావాల. వచ్చీ రాంగానే అయిదు చోట్ల నించి బాలు వెయ్యాల. మధ్యలో కూర్చునేది లేదు. ఎవురివి ఎక్కువ పడితే వాడి పేరే చెప్తా. స్వామి కాళ్ళ కాడ తేలిపోతే రేపు ఎవుడూ నోరెత్తేదానికి లేదు."

చెంగడు ఏటా ఆడి కృత్తిక పండక్కి ఆ కొండకు కావడి మోసేవాడు. ఆ మెట్లు వాడికి కొత్త కాదు. ఇద్దరం పక్కపక్కనే ఎక్కాం. గుండు కొట్టించుకుని గంధం పూసుకున్న జనం మధ్యలో నుంచి దారి చేసుకుంటూ, కోతులను అదిలిస్తూ ఎక్కాం. "ఎవురు గెలిచినా ఇడ్లీ నువ్వే కొనియ్యాల, నా కాడ బస్సు చార్జీనే ఉండాది" అన్నాడు చెంగడు. పైన గడప ఇద్దరం ఒకేసారి తాకాం. దిగేటప్పుడు వాడు కొంచెం వెనకబడ్డాడు. వాడెప్పుడూ అంతే కదా అనుకున్నాను.

ముందు నేను వేశాను. కాళ్ళు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. అయిదింట్లో రెండు పడ్డాయి. నేను వేస్తున్నంతసేపూ మామ నోట్లో విజిల్ ఉంది. అప్పుడు చెంగడు మైదానంలోకి వచ్చాడు. మామ వాడిని చూశాడు. విజిల్ తీసి, చొక్కా అంచుకు తుడిచి, జేబులో వేసుకున్నాడు. వాడింకా ఒక్క బాలు కూడా వెయ్యలేదు. నేను చూశాను, కానీ దాని గురించి ఆలోచించే స్థితిలో లేను.

చెంగడి మొదటి బాలు నెట్టు తప్ప దేన్నీ తాకకుండా పడింది. రెండోదీ అలాగే పడింది. చెయ్యి పైనే వదిలేశాడు, ఎప్పటిలాగే. మూడో బాలు అందుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"ఇంకా ఉండాయి, లెయ్యి" అన్నాడు మామ.

"ఉండు మామా."

"కూర్చునేది లేదని చెప్పినా కదా. నాలుగో క్వార్టర్ రా ఇది. ఇప్పుడు కూర్చుంటే ఎట్ట?"

చెంగడు పక్కకు ఒరిగాడు. ఒళ్ళో బాలు దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. "లెయ్యి రా అత్తిమంజేరి" అన్నాడు మామ. రెండడుగులు వేసి "చెంగా" అన్నాడు. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూలబడి, వాడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "అల్లుడా" అన్నాడు. గీత లోపల ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆటోలో ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉంది, ఇన్నేళ్ళు ఎలా ఆడాడో అన్నాడు డాక్టరు. మామ గోడకు ఆనుకుని ఆ మాట విన్నాడు. ఆయన అక్క ఆ రోజు తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు. ఆయన కూతురి పెళ్ళికి మేనత్తగా కూడా రాలేదు.

చెంగడి కర్మంత్రం అయినాక నాకు ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. ఉద్యోగంలో చేరాను. మా నాయన టీ కొట్టు దగ్గరికి వెళ్ళడం మానేశాడు.

మామ కాలేజీలోనే రిటైరయ్యేవరకు పనిచేశాడు. నేను వీలున్నప్పుడల్లా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా సరే, ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాతే కోర్టులో కాలు పెట్టాలి. పెద్దాసుపత్రికి తానే వెంటబెట్టుకుని వెళ్ళి, వరండాలో వాళ్ళ చెప్పుల దగ్గర కూర్చునేవాడు. విజిల్ మానేశాడు. ఆట ఆపాలంటే చప్పట్లు కొట్టేవాడు. ఎవరైనా ఇద్దరు గార్డులను చూపించి ఎవరు మేలు సార్ అంటే, "ఇద్దురూ బాగానే ఆడతాండారు" అనేవాడు. గంటసేపు చెప్పగలిగినవాడు ఆ ఒక్క మాటతో లేచి వెళ్ళిపోయేవాడు. టీ కూడా ఏ కొట్టు దగ్గరుంటే ఆ కొట్లో తాగేవాడు. మామా అని పిలవడానికి మాకెవరికీ నోరు రాలేదు. అందరం సార్ అనడం మొదలుపెట్టాం. దానికీ ఆయన వద్దనలేదు.

ఒకసారి అరక్కోణం లోకల్లో ఇద్దరం ఎదురుపడ్డాం. బండి కడంబత్తూరులో ఆగి ఉంది. ఎన్నాళ్ళ నుంచో కడుపులో పెట్టుకున్నది అడిగేశాను.

"ఆ పొద్దున చెంగడు లేచి ఉంటే ఎవరి పేరు చెప్పేవారు సార్?"

ఆయన ప్లాట్‌ఫారం వైపే చూస్తూ ఉన్నాడు. బండి కదిలాక అన్నాడు.

"తేలలేదు కదా నాయనా. ఇద్దురికీ రెండే కదా పడింది."

మణవాళనగరు అనలేదు, నాయనా అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్ళు నా అన్నం నేను తిన్నాను. తేలలేదు. నాకే వచ్చి ఉండేదేమో. నా ఉద్యోగం నాదే అయి ఉండొచ్చు.

ఆయన కర్మంత్రానికి సెలవు పెట్టి తిరుత్తణి వెళ్ళాను. చెంగడి తల్లి వచ్చి ఉంది. లోపలికి రాలేదు, గడప అవతల అరుగు మీద కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. మనిషి సగానికి సగం అయిపోయింది.

"ఉద్యోగం బాగుండాదా మణవాళనగరూ?"

"బాగుండాది అత్తా."

"నీ కోసరం రెండోసారి ఫోన్ చేసినప్పుడు ఆయనకు గొంతు రాలేదు. నేనే మాట్లాడినా. మణవాళనగరు అంటే వాళ్ళు, అది ఊరమ్మా, పేరు చెప్పండి అన్నారు. నాకు నీ పేరు యాడ తెలుసు?"

"రెండోసారి అంటే?" అన్నాను.

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. చెప్పకూడనిది చెప్పేశానని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇక దాచలేదు.

"కొండకు పోయే ముందు రోజే ఫోన్ చేసి మా చెంగడి పేరు చెప్పేసినాడు నాయనా. ఆ చెయ్యి మాదిరి చెయ్యి ఈ జిల్లాలో లేదు, నాలుగో క్వార్టర్ సంగతి నేను చూసుకుంటా అన్నాడు."

"మరి కొండ ఎందుకత్తా?"

"మాట రాకూడదని. మేనల్లుణ్ణి పెట్టుకున్నాడని అంటాండారు, స్వామి కాడ గెలిస్తే ఎవుడూ ఏమీ అనలేడు, ఆ మణవాళనగరు పిల్లోడికి కూడా మనసు కుదుటపడతాది అన్నాడు. సుమ్మా, ఊరికే ఒక తంతు అన్నాడు."

"చెంగడికి తెలుసా?"

"తెలిస్తే ఒళ్ళు వంచడు, కొండ దిగినాక నేనే చెప్తా అన్నాడు. మా వదినకు కూడా తెలీదు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఇద్దురమే మోసినాం."

విజిల్ జేబులోకి ఎందుకు వెళ్ళిందో అప్పుడు అర్థమైంది. కొండ దిగి వస్తున్న మేనల్లుడిని చూసి ఆయన మనసు ఆగలేదు. చెప్పేయబోయాడు. మళ్ళీ నన్ను చూసి ఉంటాడు, లేదా మా నాయన మాట గుర్తొచ్చి ఉంటుంది. అయిదూ వెయ్యనీ అనుకుని, లెయ్యి అన్నాడు. ఉద్యోగం వచ్చేసినవాడిని ఆ ఉద్యోగం కోసం లేచి నిలబడమన్నాడు. ఏడుపు వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే చెంగడి తల్లి నా వైపు చూసింది.

"మా వాడితో ఆ పొద్దున కొండెక్కింది నువ్వే కదా?"

"అవునమ్మా."

"ఒకటి చెప్పు నాయనా. మా వాడికి ఆ ఉద్యోగం వచ్చి ఉండునా?"

వాడిదేనమ్మా, ముందు రోజే వాడికి వచ్చేసింది అనవచ్చు. అంటే కొడుకు గెలిచాడని తెలుస్తుంది, ఊరికే మెట్లెక్కి చచ్చిపోయాడని కూడా తెలుస్తుంది. ఆమె కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి.

"తేలలేదమ్మా. ఇద్దరికీ రెండే పడినాయి" అన్నాను.

ఆమె తల ఊపి అరుగు మీద పక్కకు జరిగింది, నేను దిగడానికి. సాయంత్రం బండికి మణవాళనగర్ చేరాను. మర్నాడు నాకు మొదటి షిఫ్టు. పొద్దున్నే లేచి, చెంగడి ఉద్యోగానికి వెళ్ళాను.